ఫుజి శిఖరం ఎక్కాలంటే: హట్ బుకింగ్ నుంచి తిరుగు బస్సు దాకా

వేసవి దగ్గరపడేసరికి జపాన్‌లో ఉంటున్న మనవాళ్ళు, అటు టూర్ వేసుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: ఫుజి ఎక్కాలంటే ఏం చెయ్యాలి, ఏ వరసలో చెయ్యాలి?

శిఖరం ఎత్తు 3,776 మీటర్లు. సీజన్‌లో తాళ్ళు, మంచు గొడ్డళ్ళు అక్కర్లేదు. దారి స్పష్టంగా ఉంటుంది, బోర్డులుంటాయి. అయినా సగం నుంచి వెనక్కి తిరిగేవాళ్ళు చాలామంది. కారణాలు మూడే. తొందరగా ఎక్కేసి తలనొప్పి, వాంతులు తెచ్చుకోవడం. వానలో తడిసి చలికి వణికిపోవడం. దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేయడం.

ఈ మూడూ ఇంట్లో కూర్చుని ప్లాన్ వేసుకునేటప్పుడే తప్పించుకోవచ్చు. అందుకే కింద ఎక్కడం గురించి కన్నా దానికి ముందు చేసే పనుల గురించి, దిగడం గురించి ఎక్కువ రాశాను.

## 1. తేదీ ఎంచుకోవడం

యోషిదా దారి సాధారణంగా జులై 1న తెరుస్తారు. మిగతా మూడు దారులు జులై 10న. అన్నీ సెప్టెంబర్ 10తో మూసేస్తారు. ఏటా అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. మంచు కరగకపోతే పై భాగం తెరవడం ఆలస్యమవుతుంది.

సీజన్ కానప్పుడు దారులు మూసే ఉంటాయి. హట్‌లు (దారిలో రాత్రి పడుకునే బసలు) ఉండవు, టాయిలెట్లుండవు, పైన గడ్డకట్టిన మంచు మీద జారితే ఆగడం ఉండదు. "మే నెలలో వస్తున్నాం, ఎక్కొచ్చా" అని అడిగేవాళ్ళకు నా జవాబు: వద్దు.

సీజన్‌లో ఏ రోజులు మంచివంటే:

- వానాకాలం సాధారణంగా జులై మధ్యకో చివరికో ముగుస్తుంది. ఆ తర్వాతి వారం రోజులు వాతావరణం కాస్త నిలకడగా ఉంటుంది.
- శని, ఆదివారాలు, సెలవు రోజులు, ఆగస్టు మధ్యలో వచ్చే ఓబోన్ పండగ రోజులు వదిలేయండి. పైన క్యూలో నిలబడి చలికి గడ్డకట్టడం తప్ప ఏమీ ఉండదు.
- ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో జనం తగ్గుతారు కానీ తుఫాన్లు వస్తాయి.
- వీలైతే మంగళవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. ఇంకో తేదీ కూడా రిజర్వ్‌లో ఉంచుకోండి.

## 2. దారి ఎంచుకోవడం

శిఖరానికి నాలుగు దారులు. నాలుగూ "ఐదో స్టేషన్" అనే చోట మొదలవుతాయి. అది రైల్వే స్టేషన్ కాదు, కొండ ఎత్తును పది భాగాలుగా పంచుకున్నప్పుడు వచ్చే మజిలీ. దారిని బట్టి దాని ఎత్తు మారుతుంది. ఈ తేడా చూసుకోకుండా దారి ఎంచుకునేవాళ్ళే ఎక్కువగా అలసిపోతారు.

యోషిదా (బోర్డులు పసుపు రంగు). మొదలు సుమారు 2,300 మీటర్లు. ఎక్కడానికి ఆరు గంటలు, దిగడానికి నాలుగు. హట్‌లు ఎక్కువ, ప్రథమ చికిత్స కేంద్రాలున్నాయి, టోక్యోలోని షింజుకు నుంచి నేరుగా బస్సు ఉంది. జనం కూడా ఇక్కడే ఎక్కువ. ఎక్కే దారి, దిగే దారి వేరువేరు.

ఫుజినోమియా (నీలం). సుమారు 2,400 మీటర్ల నుంచి మొదలు. దూరం అన్నిటికన్నా తక్కువ, ఎక్కడానికి ఐదు గంటలు. కానీ నిట్టనిలువు, రాళ్ళు ఎక్కువ. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఒకే దారిలో ఎదురుపడతారు.

సుబాషిరి (ఎరుపు). సుమారు 2,000 మీటర్ల దగ్గర అడవిలో మొదలవుతుంది. ఎక్కడానికి ఆరు గంటలు. నీడ ఉంటుంది, జనం తక్కువ. "అసలు ఎనిమిదో స్టేషన్" (మామూలు ఎనిమిదో స్టేషన్‌కి పైనున్న ఇంకో మజిలీ) దగ్గర యోషిదా దారిలో కలుస్తుంది. దిగేటప్పుడు మెత్తటి ఇసుక వాలు.

గోటెంబా (ఆకుపచ్చ). సుమారు 1,440 మీటర్ల నుంచి మొదలు. అంటే మిగతావాటికన్నా చాలా కింద. ఏడు గంటలకు పైనే పడుతుంది. హట్‌లు చాలా తక్కువ, కింది భాగంలో నీళ్ళు కొనుక్కునే చోటే ఉండదు. పొగమంచు పడితే ఆ విశాలమైన ఇసుకలో దారి తప్పడం సులువు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను యోషిదా చెబుతాను. జనం ఎక్కువన్నది నిజమే, కానీ ఒంట్లో బాగోకపోతే అడుగడుగునా ఆగే చోటుంది. ఇంతకుముందు పెద్ద కొండలు ఎక్కినవాళ్ళు, గుంపులు ఇష్టపడనివాళ్ళు సుబాషిరి తీసుకోండి. నా దృష్టిలో నాలుగింటిలో హాయిగా ఉండేది అదే. పిల్లలతో, పెద్దవాళ్ళతో గోటెంబా వైపు అసలు వెళ్ళొద్దు.

## 3. బుకింగులు, ఏది ముందు

చాలామంది ముందు బస్సు టికెట్ కొంటారు, తర్వాత హట్ వెతుకుతారు. అది తిరగబడిన వరస. దొరకనిది హట్. అది దొరికాకే మిగతావి.

3.1 హట్. సీజన్ బుకింగులు వసంతంలోనే తెరుస్తారు, వారాంతాలు త్వరగా నిండిపోతాయి. భోజనంతో కలిపి మనిషికి పది వేల యెన్‌లు దాటుతుందని లెక్కేసుకోండి. ఇచ్చేది గది కాదు, వరసగా వేసిన పరుపుల్లో మనిషికొకటి. యోషిదాలో 3,000 నుంచి 3,400 మీటర్ల మధ్య హట్‌లు చూడండి. నిద్ర ముఖ్యమనుకుంటే కిందది, మర్నాడు తక్కువ నడవాలనుకుంటే పైది.

3.2 శాకాహారులు బుకింగ్ సమయంలోనే అడగాలి. రాత్రి భోజనం చాలాచోట్ల కూర అన్నమే అయినా అందులో మాంసం ఉంటుంది. కుదరదంటే భోజనం లేకుండా పడక మాత్రమే తీసుకుని తిండి వెంట తీసుకెళ్ళండి. కింద దుకాణాల్లో కొనే ఒనిగిరి (అన్నం ముద్ద)లో చాలావాటి మధ్యలో చేప ఉంటుంది, చూసి కొనండి.

3.3 ప్రవేశ రుసుము. 2025 నుంచి నాలుగు దారుల్లోనూ మనిషికి 4,000 యెన్‌లు. యోషిదాలో రోజుకు 4,000 మందినే వదులుతారు కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. షిజుఓకా వైపున్న మిగతా మూడు దారులకు నియమాల గురించిన చిన్న పాఠం చూసి, ముందుగా రిజిస్టర్ కావాలి.

3.4 గేటు సమయం. మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజాము 3 వరకు హట్ బుకింగ్ లేనివాళ్ళను పైకి పంపరు. రాత్రంతా ఆగకుండా ఎక్కి సూర్యోదయం చూసి దిగిపోయే పద్ధతి ప్రమాదాలు తెస్తోందనే ఈ నియమం పెట్టారు. మంచి నియమం. దీన్ని దాటే ఉపాయాలు వెతక్కండి.

3.5 బస్సు. యోషిదాకు షింజుకు నుంచి నేరుగా రెండున్నర గంటలు, లేదా కవాగుచికో వరకు రైల్లో వెళ్ళి అక్కడి నుంచి గంట లోపు. సుబాషిరి, గోటెంబా దారులకు గోటెంబా రైల్వే స్టేషన్ నుంచి. ఫుజినోమియా దారికి ఫుజినోమియా, షిన్-ఫుజి స్టేషన్ల నుంచి. సొంత కారుంటే, సీజన్‌లో గోటెంబా తప్ప మిగతా మూడు ఐదో స్టేషన్లకు ప్రైవేటు కార్లు వెళ్ళనివ్వరు. కింద పార్క్ చేసి బస్సెక్కాలి.

తిరుగు బస్సు మాత్రం మీరు దిగుతామనుకున్న సమయానికి కనీసం రెండు మూడు గంటల తర్వాతది తీసుకోండి. బస్సు తప్పిపోతుందన్న టెన్షన్‌తో పరుగెత్తేవాళ్ళే ఇసుక వాలులో చీలమండ మెలిపెట్టుకుంటారు.

## 4. సామాను

ఎత్తు 100 మీటర్లు పెరిగితే వేడి సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. టోక్యోలో 32 ఉంటే శిఖరం మీద 10 లోపే. తెల్లవారుజామున ఇంకా తక్కువ, ఆపై గాలి. కింద చెమటలు పడుతుంటే స్వెట్టర్ సర్దుకోవడం వింతగా అనిపిస్తుంది, అయినా సర్దుకోండి.

యోషిదా గేటు దగ్గర చలి బట్టలు, పైనా కిందా వేరుగా ఉండే రెయిన్ సూట్, తగిన బూట్లు లేనివాళ్ళను ఆపేయవచ్చు. గొడుగు, దుకాణంలో దొరికే పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు లెక్కలోకి రావు. ఆ గాలికి నిమిషాల్లో చిరిగిపోతాయి.

ఒంటికి:
- చెమట త్వరగా ఆరే బనియన్, ఫుల్ చేతుల చొక్కా. కాటన్ వద్దు, జీన్స్ అసలు వద్దు
- ఫ్లీస్ లేదా పల్చటి డౌన్ జాకెట్
- రెయిన్ జాకెట్, రెయిన్ ప్యాంటు
- చీలమండ దాకా వచ్చే ట్రెక్కింగ్ బూట్లు, ఉన్ని సాక్సులు, ఇంకో జత సాక్సులు
- చెవులు కప్పే టోపీ, ఎండ టోపీ, గ్లౌజులు

సంచిలో:
- హెడ్‌ల్యాంప్, ఇంకో సెట్ బ్యాటరీలు (ఫోన్ లైట్ సరిపోదు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి)
- నీళ్ళు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు
- చిన్నచిన్నగా తినడానికి అరటిపండ్లు, పల్లీలు, ఖర్జూరం, చాక్లెట్, ఉప్పు బిస్కెట్లు
- వంద యెన్‌ల నాణేలు ఒక ఇరవై. టాయిలెట్ ఒక్కోసారికి 200, 300 యెన్‌లు
- నగదు నోట్లు. పైన నీళ్ళ సీసా ధర కిందకన్నా కొన్ని రెట్లు ఉంటుంది
- మాస్కు, కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్
- బూట్లలోకి ఇసుక పోకుండా గెయిటర్లు
- రెండు ట్రెక్కింగ్ కర్రలు
- చెత్త తిరిగి తెచ్చుకునే సంచి. పైన చెత్తబుట్టలుండవు
- పవర్ బ్యాంక్, ఆఫ్‌లైన్ మ్యాప్, మీ మామూలు మందులు

బూట్లు, రెయిన్ సూట్ అద్దెకు దొరుకుతాయి. రెయిన్ సూట్ అద్దెకు తీసుకోవడం తెలివైన పని. బూట్లు మాత్రం కుదిరితే సొంతవే ఉంచుకుని, కనీసం రెండు మూడు వారాలు తొడిగి నడవండి. కాలి గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

## 5. ఒంటిని సిద్ధం చేయడం

ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు మెట్లు ఎక్కండి, దిగండి కూడా. అందరూ ఎక్కడం ప్రాక్టీస్ చేసి లిఫ్ట్‌లో కిందికొస్తారు. ఫుజి మీద తొడలు మొరాయించేది దిగేటప్పుడే.

వెళ్ళే ముందు ఒకసారి ఐదారు గంటల నడక ఉన్న చిన్న కొండకు, ఇదే సంచి, ఇవే బూట్లతో వెళ్ళండి. గుండె, ఊపిరితిత్తులు, బీపీ సమస్యలున్నవాళ్ళు డాక్టర్‌ని అడగాలి. ఎత్తుకు వేసుకునే మాత్రలు కూడా డాక్టర్ చెబితేనే.

## 6. ఐదో స్టేషన్‌లో మొదటి గంట

బస్సు దిగగానే నడక మొదలుపెట్టకండి. కనీసం గంటసేపు అక్కడే ఉండండి. తేలిగ్గా తినండి, నీళ్ళు తాగండి, అటూ ఇటూ నడవండి. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఆ తేడాకు ఒళ్ళు అలవాటు పడటం ఇక్కడే మొదలవుతుంది.

ఈ గంటలో చేయాల్సినవి:

- వాతావరణ సూచన చూడండి. చూడాల్సింది ఊరిది కాదు, 3,000 మీటర్ల పైన గాలి వేగం, ఉరుములు
- టాయిలెట్‌కి వెళ్ళండి
- లేసులు బిగించండి
- మీతో వచ్చినవాళ్ళు విడిపోతే ఏ హట్ దగ్గర కలవాలో తేల్చుకోండి
- దిగాల్సిన దారి పేరు, బోర్డు రంగు అందరూ ఫోన్‌లో రాసుకోండి

యోషిదాలో ఉదయం 11కల్లా బయల్దేరితే సాయంత్రం నాలుగింటికి ఎనిమిదో స్టేషన్ హట్ చేరతారు. అంతకన్నా ఆలస్యమైతే మధ్యాహ్నపు ఉరుముల్లో చిక్కుకునే అవకాశం పెరుగుతుంది.

## 7. ఎక్కడం

7.1 మొదటి అరగంట. యోషిదాలో దారి మొదట చదునుగా, కాస్త పల్లంగా ఉంటుంది. కొంతదూరం పోయాక రెండుగా చీలుతుంది. పైకి వెళ్ళేది కుడివైపు. గుంపు ఎటు వెళితే అటు వెళ్ళకుండా బోర్డు చూడండి.

7.2 నడక వేగం. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవండి. ఆయాసంతో మాట తెగితే మీరు వేగంగా నడుస్తున్నట్టే. అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఆనేలా వెయ్యండి. అరగంటకోసారి ఐదు నిమిషాలు ఆగండి. పావుగంట దాటి కూర్చుంటే చెమట చల్లబడి వణుకు పుడుతుంది.

7.3 ఏడో స్టేషన్ రాళ్ళు. ఇక్కడ చేతులు కూడా వాడాలి. కర్రలు మడిచి సంచికి తగిలించి గ్లౌజులు వేసుకోండి. గొలుసులను పట్టుకుని లాగుతూ ఎక్కకండి, అవి దారి హద్దు చూపడానికి. ఎవరికైనా దారివ్వాల్సి వస్తే కొండ వైపు జరగండి, లోయ వైపు వద్దు. రాయి దొర్లితే కింద ఉన్నవాళ్ళకు వినబడేలా అరవండి.

7.4 హట్ చేరాక. వెంటనే పడుకోకండి. పడుకుంటే ఊపిరి పైపైనే ఆడి తలనొప్పి మొదలవుతుంది. గంటసేపు కూర్చోండి, తడి బట్టలు మార్చుకోండి, నీళ్ళు తాగండి. మద్యం వద్దు. సంచి చీకట్లో వెతుక్కునే పని లేకుండా ముందే సర్దుకోండి. ప్లాస్టిక్ కవర్ల చప్పుడుకు పక్కవాళ్ళ నిద్ర పోతుంది.

7.5 తలనొప్పి వస్తే. ఇది జాగ్రత్తగా చదవండి.

- తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం: ఆగండి. నిదానంగా, గాలి పూర్తిగా వదులుతూ ఊపిరి తీసుకోండి. నీళ్ళు తాగండి.
- గంటలో తగ్గకపోతే ఇంకా పైకి వెళ్ళకండి. నొప్పి మాత్ర వేసుకుని తగ్గిందనుకుని ఎక్కడం ప్రమాదం.
- వాంతులు ఆగకపోతే, నడక తూలితే, మాట తడబడితే, కూర్చున్నా ఆయాసం వస్తే: వెంటనే కిందికి. ఒంటరిగా పంపకండి. హట్ వాళ్ళకు చెప్పండి, ప్రథమ చికిత్స కేంద్రం దగ్గరుంటే అక్కడికి తీసుకెళ్ళండి.
- ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట ఇస్తుంది, అంతే. అసలు మందు కిందికి దిగడం.

## 8. సూర్యోదయం, శిఖరం

సూర్యోదయం జులైలో నాలుగున్నర ప్రాంతంలో, ఆగస్టు చివరికి ఐదు గంటల సమయంలో. శిఖరం నుంచే చూడాలని అందరూ రాత్రి ఒంటిగంటకు లేచి బయల్దేరతారు. అసలు ఎనిమిదో స్టేషన్ నుంచి పైకి మామూలుగా గంటన్నర, రద్దీ రోజున దానికి రెట్టింపు. ఆ క్యూలో పది అడుగులకోసారి ఆగుతూ చలిలో నిలబడాలి.

నా సలహా వేరు. యోషిదా, సుబాషిరి దారులు తూర్పు ఆకాశానికి తెరుచుకుని ఉంటాయి. హట్ ముందు నిలబడినా అదే సూర్యుడు. అక్కడే చూసి, వేడిగా ఏదైనా తాగి, వెలుతురులో ఖాళీ అయిన దారిన ఎక్కండి. పిల్లలుంటే ఇంకో ఆలోచన వద్దు, ఇలాగే చెయ్యండి. ఫుజినోమియా దారి దక్షిణం వైపు ఉంటుంది కాబట్టి ఏ హట్ ముందు నుంచి కనిపిస్తుందో బుకింగ్ అప్పుడే అడగండి.

యోషిదా దారి చేరే చోటు అత్యంత ఎత్తైన బిందువు కాదు. ఆ ఎత్తైన బిందువు అగ్నిపర్వత ముఖానికి (శిఖరం మీది పెద్ద గుంతకు) అవతలి వైపున్న కెంగామినే. ముఖం చుట్టూ తిరిగి రావడానికి దాదాపు గంటన్నర. గాలి బలంగా ఉంటే, తలనొప్పిగా ఉంటే, తిరుగు బస్సుకు సమయం తక్కువైతే మానేయండి.

జాతీయ ఉద్యానవనం కాబట్టి రాళ్ళు, మొక్కలు తీసుకోకూడదు. టెంటు వేయడం, మంట పెట్టడం నిషేధం.

## 9. దిగడం

ప్రమాదాలకు ఎక్కువ అవకాశం ఇక్కడే. ఒళ్ళు అలసి ఉంటుంది, పని అయిపోయిందన్న ధీమా ఉంటుంది.

బయల్దేరే ముందు:
- టాయిలెట్‌కి వెళ్ళండి. యోషిదా దిగే దారిలో ఎనిమిదో స్టేషన్ దాటాక ఏడో స్టేషన్ దగ్గర తప్ప లేదు
- కనీసం ఒక లీటరు నీళ్ళు. ఆ దారిలో ఆ తర్వాత కొనడానికి హట్‌లుండవు
- లేసులు ఎక్కేటప్పటికన్నా బిగించి కట్టండి, గెయిటర్లు, మాస్కు వేసుకోండి
- కర్రలు కొంచెం పొడవు పెంచండి

శిఖరం మీద సరైన మొదలు. నాలుగు దారులూ ఒకేచోట మొదలుకావు. యోషిదా, సుబాషిరి ఒక వైపు, ఫుజినోమియా, గోటెంబా ముఖానికి అవతల వైపు. దిగడం మొదలుపెట్టే ముందు మీ రంగు బోర్డు కళ్ళతో చూడండి.

ఎనిమిదో స్టేషన్ చీలిక. ఫుజి మీద దారి తప్పేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. యోషిదా, సుబాషిరి అంతవరకు కలిసి దిగి ఇక్కడ విడిపోతాయి. పొగమంచులో, ముందువాళ్ళ వెనకే తల దించుకుని నడుస్తూ పసుపుకు బదులు ఎరుపు వెంట వెళ్ళిపోతారు. ఇక్కడ ప్రతి ఒక్కరూ ఆగి, బోర్డు చదివి, బృందంలో అందరూ వచ్చారని చూసుకుని కదలాలి.

తప్పు దారిన దిగిపోతే. కొద్ది దూరంలోనే తెలిస్తే వెనక్కి ఎక్కండి. చాలా దిగేశాక తెలిస్తే అలసిన కాళ్ళతో మళ్ళీ ఎక్కకండి. అదే దారిన సుబాషిరి ఐదో స్టేషన్‌కి దిగి, బస్సులో గోటెంబా స్టేషన్ చేరండి. మీవాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. అడ్డదారిన కొండ చుట్టూ వెళ్ళే ప్రయత్నం మాత్రం చేయకండి.

అడుగు వేసే తీరు. యోషిదాలో జిగ్‌జాగ్ వాలు. మోకాలు కొంచెం వంచి, చిన్న అడుగులతో, శరీర బరువు వెనక్కి వాల్చకుండా దిగండి. సుబాషిరి, గోటెంబా ఇసుకలో మడమ ముందు దించండి, ఇసుకే బరువు తీసుకుంటుంది. అక్కడ పరుగు బాగానే ఉంటుంది, కానీ ఇసుక కింద రాళ్ళుంటాయి. ఆగగలిగిన వేగం దాటకండి.

మోకాలు నొప్పెడితే. ప్రతి మలుపు దగ్గర ఆగండి. సంచిలోని బరువు బృందంలో వేరేవాళ్ళకు పంచండి. నొప్పి వైపు కాలు ముందు దించండి, రెండు కర్రలూ ఆనించండి. వెనక్కి తిరిగి నడవడం చూడటానికి తేలికే, రాయి తగిలితే పడిపోతారు.

ఉరుములు మొదలైతే. దగ్గరి హట్‌లోకి వెళ్ళండి. హట్ దూరమైతే శిఖర అంచు, ఎత్తుగా పొడుచుకొచ్చిన చోట్లు వదిలి కిందికి దిగండి, కర్రలు పైకెత్తి పట్టుకోకండి.

కదల్లేకపోతే. దగ్గరి హట్ వాళ్ళకు కబురు పెట్టండి, లేదా పోలీసులకు 110, అంబులెన్స్‌కి 119. దారి పొడవునా ఉండే బోర్డుల మీది స్థలం పేరు చెప్తే మిమ్మల్ని త్వరగా చేరగలరు. వచ్చేదాకా పొడి బట్టలు, పైన రెయిన్ సూట్ వేసుకుని, సంచి మీద కూర్చోండి. నేల చల్లదనం చాలా త్వరగా ఒంట్లోకి ఎక్కుతుంది.

యోషిదాలో ఆరో స్టేషన్ దాటాక చివరి భాగం మళ్ళీ కాస్త ఎక్కుడుగా ఉంటుంది, ఇరవై ముప్పై నిమిషాలు. దానికోసం ఒక గుక్క నీళ్ళు, ఒక అరటిపండు మిగుల్చుకోండి. ఐదో స్టేషన్ చేరాక బూట్లు, గెయిటర్లు బయటే దులుపుకుని, సాక్సులు మార్చుకుని బస్సు క్యూలో నిలబడండి. బుకింగ్ లేని బస్సయితే ఆ క్యూకే అరగంట ముందు చేరాలి.